తాళంకప్ప

చండూరు ఎండకు ఫిల్ము గడియలో ఆరుతది.
ఆరిందని క్లిప్పు తీస్తే
మంట తాకిన తాటాకు లెక్క
లోపలికి ముడుచుకుంటది.

"ఎటు ముడుచుకున్నదో చూడు" అనేటోడు జహంగీర్ సార్.
"మందున్న దిక్కుకు. బొమ్మున్న దిక్కుకే.
నీళ్లు తాగింది అదే, ఎండి గుంజుకునేదీ అదే.
వెనక ప్లాస్టిక్కుకేం, గుంజినట్టు వంగుతది."

నాకప్పుడు పదిహేనేండ్లు.
తొందరపడి టేబుల్ ఫ్యాను తిప్పిన రోజు
నెత్తి మీద ఒక్కటి పడ్డది.
గట్టుప్పలోళ్ల పెండ్లి రీలు అది.
వంకర తిరిగిన నెగెటివు ఎన్‌లార్జరులో పండుకోనన్నది.
పెండ్లికొడుకు మీసం వెంట్రుక వెంట్రుక తేట,
పక్కనే పెండ్లిపిల్ల పొగ.
వాళ్లకేం చెప్పినమో ఇప్పుడు యాదికి లేదు.

ఆ తర్వాత ఆరబెట్టుడు రాత్రికి మారింది.
పక్కింటి మార్కండయ్య గుంట మగ్గం అర్రలో.
పోగు తెగకుండ నేలంత తడి చల్లి పెడుతడాయన.
ఆ తడిగాలిలో ఫిల్ము నిమ్మళంగ ఆరుతది, గుంజుకోదు.
పగలు మాత్రం వద్దు,
నూలు ధూళి లేచి పెండ్లిపిల్లలకు గడ్డాలు మొలుస్తయి.

చివరి కడుగుల ఒక్క చుక్క షాంపూ, నురుగు రానీయొద్దు.
పైన దూలానికి ఒక క్లిప్పు.
కింద ఇంకో క్లిప్పు, దానికి బరువు.
బరువంటే మాకు షట్టరు తాళంకప్పే.
ఫిల్ము ఆరే రాత్రి స్టూడియోకు తాళం ఉండేది కాదు.
లోపల మొఖాలు తప్ప ఏం లేవని
ఊర్లె దొంగలకు ఎరుకే.

ఇంకొకటి, నీళ్లు.
బోరు నీళ్లతో కడిగితే
ఆరినంక సున్నం చుక్కలు తేలుతయి,
మనిషి చెంప మీద మశూచి వచ్చినట్టు.
అందుకని వానకాలం రేకుల కింద పట్టి
గుడ్డ గట్టి దాచేది మూడు బిందెలు, డార్క్‌రూముల.
ముట్టుకుంటే సార్ ఊకునేటోడు కాదు.
ఫిల్ముకు వాన నీళ్లు.
మాకు, ఊరికి, బోరు నీళ్లు.
ఇందులో వింత ఉన్నదని
అప్పుడు మాకెవలకూ తట్టలే.

ఈదమ్మ వచ్చింది మర్రిగూడ దిక్కు నుంచి,
పింఛను కాగితానికి ఫోటో కావాలని.
బస్సు దిగిన కాడి నుంచి స్టూలు దాక
ఎంతసేపు నడిచిందో.
మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంట,
వీపు కొడవలి.
"గదువ జర లేపు అవ్వా" అన్న నేను.
"లేస్తే ఈడికెందుకొస్త బిడ్డా"

సార్ ఏం మాట్లాడలే.
స్టాండు మీది కెమెరా ఊడదీసి
నేల మీద బోర్ల పండుకున్నడు,
ఇస్త్రీ అంగీతోనే.
కింది నుంచి పైకి చూసిండు.
ఆమె కింది నేల చూసింది.
అక్కడ ఆయన కండ్లు ఉన్నయి.
క్లిక్.

పోయే ముందు అడిగింది, గిన్ని నీళ్లు పోయమని.
లోపల మూడు బిందెలున్నయి.
నేను బయటి కుండలకెల్లి ముంచి ఇచ్చిన.
గ్లాసు నోటి దాక పోలే, నోరే గ్లాసు దాక వంగింది.

ఆ రాత్రి పన్నెండు బొమ్మల రీలు వేలాడింది మగ్గం పైన,
నాలుగోది ఆమె.
తెల్లారి తాళంకప్ప విప్పిన.
కదలలే, ముడవలే.
కొత్త పుస్తకం అట్ట లెక్క సాపు.
"గిట్ల రావాలె" అని సార్ మురిసిండు.

ఇప్పుడు కుండ లేదు, మగ్గం లేదు, సార్ లేడు.
మంచినీళ్లు వేరే పైపుల వస్తున్నయి.
నెగెటివు ఉన్నది నా దగ్గర, అంతే సాపుగ.
కిటికీకి అడ్డం పట్టి చూస్త అప్పుడప్పుడు.
తెల్ల జుట్టు నల్లగ, నల్ల మొఖం తెల్లగ.
వంగిన వీపు ఎటు తిప్పినా వంగిందే.

తాగినంక ఆమె పైటకొంగుతో మూతి తుడుచుకుంట
అన్నది గుడ,
"సల్లగున్నయి బిడ్డా".