నెంబరు లేని తెలుపు

ముందుగది గోడ మీద నాలుగు పట్టీలు,
జానెడు వెడల్పు, మూరెడు పొడుగు.
నాలుగూ తెలుపే కదప్పా అంటాడు ఓబులేసు,
చెప్పులైనా విప్పకుండా.

తాడిపత్రిలో పన్నెండేళ్లుగా
మ్యాచింగ్ సెంటర్ నడుపుతాండాను నేను.
కొంగు కొస పట్టుకొని వచ్చినామెకు
గంధానికీ, ఉతికిన గంధానికీ నడిమి గుడ్డ
ఏ అరలో ఉందో స్టూలెక్కక ముందే చెప్తాను.
నాకు నాలుగూ ఒకటెట్లయితాయి?

మొదటిది వలిచిన వెల్లుల్లి.
దాని పక్కది మీగడ, అదీ రెండో పూట మీగడ.
పొట్టు ఊదేసినాక అరచేతిలో మిగిలే
చెనిక్కాయపప్పు ఒకటి.
చివరిదానికి నాకు పేరు చిక్కలేదు.
కార్డులో ఏదో ఇంగ్లీషు పేరుంది,
ముత్యాల గురించో, ఇసుక గురించో.
పెయింటర్ దస్తగిరి మాత్రం దాన్ని
"ఎనభై రెండు" అంటాడు,
ఖైదీని పిలిచినట్టు.

పొద్దున వెల్లుల్లి గెలిచింది.
పదకొండుకు ఎండ వాకిలి దాటొచ్చి
నల్లబండల మీద పడి ఎగిరి గోడను తాకేసరికి
అదే వెల్లుల్లి నీలం తిరిగి
ఆస్పత్రి వరండా అయి కూచుంది.
బండల్ని మార్చలేం.
ఓబులేసు చేత్తో పాలిష్ పట్టినవే అవి,
మూల విరిగినందుకు సగం ధరకొచ్చినవి.
మధ్యాహ్నమంతా మీగడ బాగుంది.
దీపాలవేళకు పచ్చబడి
కామెర్ల కన్నులా నన్నే చూసింది.
ట్యూబులైటు వేస్తే మళ్లీ అన్నీ ఒకటే.
ఓబులేసు నవ్వినాడు.
నవ్వనీ.

మూడు రోజులు. కూలి లెక్క పెరుగుతాంది.
ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ వేలు చూపించి పోయినారు.
"ఎర్రమట్టి రంగు కొట్టుకో పాపా,
మన దుమ్ము ఎట్లయినా కొట్టేదే,
నువ్వే ముందు కొట్టేస్తే సరి" అంది
ఎదురింటి సుంకమ్మ.

నిజం చెప్పాలంటే
ఇది నా ఏడో ఇల్లు.
ముందు ఆరూ ఎవరో ఎంచిన గోడలు.
పిస్తా, గులాబి, మళ్లీ పిస్తా,
మేకు కొట్టాలన్నా అడగాల్సిన గోడలు.
ఇప్పుడు అడగడానికి ఎవరూ లేక
గోడ ముందర నిలబడి
బిత్తర చూపులు చూస్తాండాను.

మూడోనాటి రాత్రి ఫ్యాక్టరీ నుంచి వచ్చినాడు,
రెప్పల మీద, చెవుల మడతల్లో బండపొడి.
రెండుసార్లు దగ్గి
పట్టీల కింద గోడకానుకొని కూచున్నాడు.
నీళ్లకు లేచినాక చూస్తే
ఆడ ఐదోది ఉంది.
భుజమంత, అంచుల్లేకుండా.
పొద్దున చూసినా అది నీలం తిరగలేదు.
సాయంత్రం పచ్చబడలేదు.

"అది దుమ్ము కదక్కా" అన్నాడు దస్తగిరి.
"దానికి నెంబరేందో చెప్పు."
నేను తీగ మీది చొక్కా కాలరు కత్తిరించి తెచ్చినాను.
కొంగు కొస పట్టుకొని నా కొట్టుకొచ్చే ఆడోళ్లు
ఎట్లా చాపుతారో అట్లే చాపినాను.
అతను కాలరు వైపు చూసి, నా వైపు చూసి,
నాలుగు డబ్బాలూ ఒకే బకెట్లోకి వంచినాడు.
గవ్వంత నలుపు వేసి కట్టెతో తిప్పినాడు,
చాలక ఇంకో బొట్టు.
"ఇది మళ్లీ రాదు, చెప్తాండా.
గోడ పెచ్చులూడితే నన్ను అడగొద్దు."

ఓబులేసుకు కాలరు సంగతి చెప్పలేదు.
చొక్కా ఏదని ఆయనా అడగలేదు.
చివరికి ఏ తెలుపు వేసినావంటే
ఒక తెలుపు అన్నాను.
అన్నం తిని గోడకానుకున్నాడు,
లేచినాక దీపం దగ్గరికి తెచ్చి వెతికినాను.
గోడకు ఏమీ అంటలేదు.
అంటింది గానీ, కనపడలేదో.

బకెట్ అడుగంటింది కాబట్టి
తలుపు వెనక మూరెడు మేర
ఎనభై రెండే మిగిలిపోయింది.
తలుపు వేసుకున్నప్పుడు మాత్రం
అది బయటికొస్తాది.