చుక్క

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో
దస్తగిరన్న జేబు ఒకపక్కకి వాలేది,
స్లైడ్ రూలు సగం బయటికి పొడుచుకొని.
కేసీ కెనాల్ ఓవర్సీరెవరో
రిటైరవుతూ ఇచ్చిపోయిందట.

పలకలెన్ని, ఒక్కోటి ఎన్నడుగులు,
నాలుక జరిపి, అద్దమ్మీది వెంట్రుకగీత కింద
ఒంటికన్నుతో చదివేవాడు:
"నూటా ఎనభై నాలుగు... కొంచెం పైన."
ఆ కొంచెం ఎంతని అడిగినోళ్లు లేరు.
రంపం మింగే పొడి అంతకన్నా ఎక్కువ.

నా క్యాలిక్యులేటర్ మద్రాసుది.
నూటా ఎనభై నాలుగు పాయింటు రెండు ఏడు మూడు ఐదు!
ఎర్రంకెలు ఊరంతా చూపించాను.
"అన్ని అంకెలు రాయికి తెలుసా అబ్బయ్యా?"
అంతే అన్నాడు.

ఒక సాయంత్రం గూడ్సుషెడ్డుకి బండి కడుతున్నారు.
నా వేలు చుక్క మరిచింది.
వెయ్యీ ఎనిమిదొందల నలభై రెండడుగులు
అని చీటీ రాసేశాను, రెప్పయినా వేయకుండా.
దస్తగిరన్న చీటీ వైపు కాదు,
ఎద్దుల మూపురాల వైపు చూశాడు.
"ఎద్దులు రెండే గదరా?"

తర్వాత టీ తాగుతూ చెప్పాడు:
"దీంట్లో చుక్క ఉండదు.
పద్దెనిమిదికీ నూటా ఎనభైకీ ఒకటే గీత.
చుక్కని తలకాయలో పెట్టుకోవాల."

రాతిపొడికి ఆ నాలుక పట్టేసింది చివరికి.
మైనం రాశాడు, పౌడరు చల్లాడు, కదల్లేదు.
"ఏదీ, నీదిట్లియ్యి" అని నా మిషను లాక్కునేవాడు,
జవాబు ముందే గొణుక్కొని.

ఇప్పుడు టిప్పర్లు. లెక్క ఫోన్లో.
సమానం గుర్తు మీద
వేలు కాసేపు ఆగుతుంది,
మూపురాలు వెతుక్కుంటూ.