పంతొమ్మిదో నిమిషం

కుతాయిసిలో వాన, మంచుగా మారాలా వద్దా అని
పొద్దుటినుంచీ తేల్చుకోలేకుండా ఉంది.
జనన నమోదు కార్యాలయం మెట్లెక్కేసరికి
రియోని నది సగం నా బూట్లలోనే ఉంది.

ఎతేరి గుమ్మంలోనే అందుకుంది:
"రాత్రి అప్‌డేట్ అయింది. పొద్దున బాగానే లేచింది,
కాసేపటికి కొయ్యబారిపోయింది.
నేనేం ముట్టుకోలేదు."
నేను పోలీసుని కాను,
అయినా ప్రతి ఆఫీసులోనూ
ఈ మాటతోనే నాకు కుర్చీ వేస్తారు.

తెరమీద, పేరు రాయాల్సిన గడిలో
తెబ్
అంతే. కర్సర్ రెప్ప వెయ్యడం లేదు.
మూలనున్న గడియారం పది నలభై ఏడంటోంది,
గోడమీదిది పదకొండున్నర.
కౌంటరు అవతల బద్రి అనే మనిషి,
మూడు రోజుల గడ్డం, చేతిలో ఆసుపత్రి కాగితం.
"తెబ్రోనే," అన్నాడు, నేనడక్కుండానే,
"మా అమ్మమ్మ పేరు.
ఒప్పుకోడానికి మా ఆవిడకి తొమ్మిది నెలలు పట్టింది.
మనసు మార్చుకునేలోపు రాసెయ్యండి."

పవర్ బటన్ నొక్కిపట్టి పదిదాకా లెక్కపెట్టాను.
ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే
ఏమీ ఎరగనట్టు లేచింది.
ఎతేరి టీ పెట్టింది.
వాల్‌నట్ పలుకు నోట్లో వేసుకున్నానో లేదో
మళ్ళీ గుడ్లు తేలేసింది.
పంతొమ్మిది నిమిషాలు.
మళ్ళీ లేపాను. మళ్ళీ పంతొమ్మిదే.

వేడికి సొమ్మసిల్లేది గడియారం చూసుకుని సొమ్మసిల్లదు.
మెమరీ చెడితే ఎక్కడపడితే అక్కడ తూలుతుంది.
ఇది వేళకి వస్తోంది.
వేళకి వస్తోందంటే, ఎవరో పిలుస్తున్నారు.

ప్రింటర్ తీగ పీకాను. పంతొమ్మిది.
స్కానర్ పీకాను. పంతొమ్మిది.
సేఫ్ మోడ్‌లో లేపితే మాత్రం
గంటసేపు బుద్ధిగా కూర్చుంది,
చుట్టాలంతా వెళ్ళిపోయిన ఇంట్లో పిల్లాడిలా.
సరే, చుట్టాల్లోనే ఉన్నాడు దొంగ.

యంత్రంతోపాటు నిద్రలేచేవాళ్ళ జాబితా తెరిచాను.
సగంమందిని పడుకోబెట్టి చూడడం,
మిగిలిన సగంలో మళ్ళీ సగం,
ప్రతిసారీ పంతొమ్మిది నిమిషాల కాపలా.
బద్రి వెళ్ళి చిక్కుడుగింజల రొట్టె తెచ్చాడు,
ముగ్గురం తిన్నాం,
పాప ఫోటో చూపించాడు. ముడుచుకున్న పిడికిలి, అంతే కనబడింది.
మూడున్నరకి, చేటలో చివరి మట్టిగడ్డలా
ఒక్కటి మిగిలింది.

పేరు: కిటికీ.
తయారీదారు: తెలియదు.
వయసు: పదకొండేళ్ళు.

లోపల పట్టుమని పది వరుసలు లేవు.
పంతొమ్మిది నిమిషాలకోసారి చిన్న గంట కొట్టు,
ఈ మాట చూపించు:
"ప్లతోన్, తల ఎత్తి దూరంగా చూడు."

"మా పాత గుమాస్తా," అంది ఎతేరి,
"కళ్ళ జబ్బు. డాక్టరు చెప్పాడట.
పోయి నాలుగేళ్ళయింది.
మాట ఎప్పుడో కనబడడం మానేసింది. గంట మాత్రం వినబడేది,
పక్కవీధి చర్చిది అనుకున్నాను.
వినగానే లేచి కాసేపు అటు నిలబడేదాన్ని,
నడుముకి మంచిదని."

ఆ గంట మోగే పాత తోవని
రాత్రి అప్‌డేట్ మూసేసింది.
పాపం అది తలుపు కొడుతూనే ఉంది,
తీసేదాకా కదలనని.
దాని వెనక వరుసలో
మౌసూ, గడియారమూ, తెబ్రోనే.

చెరిపెయ్యలేదు. టిక్కు తీశానంతే.
ఎతేరి పేరు మొత్తం కొట్టింది, ఒక్కో అక్షరం గట్టిగా చదువుతూ.
ప్రింట్ నొక్కింది. ఏమీ రాలేదు.
అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.
తీగ నా ఒళ్ళో ఉంది.

బద్రి కాగితాన్ని కోటు లోపల దాచుకుని
మెట్లమీద పరిగెత్తాడు.
నేను మాత్రం కదల్లేదు. ఇది నా పద్ధతి,
పంతొమ్మిది దాటందే డబ్బు తీసుకోను.
పదిహేడు. పద్దెనిమిది.
కర్సర్ రెప్ప వేస్తూనే ఉంది.

పంతొమ్మిదికి గంట మోగలేదు.
ఎతేరి కుర్చీ వెనక్కి జరుపుకుని లేచింది,
కిటికీ దాకా వెళ్ళింది, నడుంమీద చెయ్యేసుకుని.
"మంచే," అంది అటు తిరిగే.