పందొమ్మిదో బొమ్మ

గూడూరు అభ్రకం కంపెనీ మూతబడ్డప్పుడు
పాత లెడ్జర్లతో కలిసి కేజీల లెక్కన వచ్చిందది
నెల్లూరు చిన్నబజారులో నా బైండింగు కొట్టుకి.
వీపు విరిగిన పుస్తకం.
ఎవరో దొర, నూటఅరవై ఏళ్ల నాడు
చెన్నపట్నం నించి తీరం వెంబడి పల్లకీలో వస్తూ
చూసిందల్లా రాసుకున్నాడు, బొమ్మలేసుకున్నాడు.
నాకు ఇంగ్లీషు కూడబలుక్కోడం వచ్చు,
అర్థం మాత్రం
వల ఎత్తితే నీళ్ళు జారినట్టు జారిపోతుంది.

ముప్పై రెండు బొమ్మలు.
ఒక్కోదాని మీదా ఉల్లిపొర లాంటి కాగితం.
పెన్న దాటే ఎడ్లు, తోకలు పైకెత్తి.
ఉప్పు కొటార్ల మీద కాకులు.
పులికాట్‌లో ఒంటికాలి మీద నిలబడ్డ ఎర్రకాళ్ళ కొంగలు.
రంగులన్నీ చేత్తో అద్దినవే.
కొంగల దగ్గర ప్రాణం పెట్టిన మనిషి
ఎడ్లకొచ్చేసరికి విసుగొచ్చి
అన్నిటికీ ఒకటే గోధుమరంగు పులిమేశాడు.

చెన్నై నించి వరదాచారి గారొచ్చారు,
చేతులకి తెల్ల తొడుగులు, జేబులో భూతద్దం.
పుస్తకాన్ని వాసన చూశారు.
వేలితో అట్ట మీద తట్టి చెవి పెట్టారు
మా అమ్మ కొబ్బరికాయ బేరమాడినట్టు.
పదిహేడు, పద్దెనిమిది, ఇరవై.
"పందొమ్మిదోది ఏదయ్యా మౌలాలీ?"
ఇంట్లో మనిషి తప్పిపోయినంత దిగులా గొంతులో.
ఉంటే రెండు లక్షలు, లేకుంటే నలభై వేలు.
వెతికిపెడితే నీ వాటా నీకు.

ఆయన వెళ్ళాక చూశాను.
కుట్టు పక్కన అంగుళం కాగితం మిగిలుంది,
బ్లేడు పెట్టి కోసినట్టు తిన్నగా.
దాని మీద పెన్సిలుతో, పాత గుమాస్తా గొలుసుకట్టు రాత:
"ఇస్కపల్లి పామంజి పోలయ్యకి ఇచ్చితిని.
వాళ్ళ తాతట."

అల్లూరు దాకా బస్సు, అక్కణ్ణించి షేరాటో,
నా ఒళ్ళో ఎవరిదో రొయ్యల బుట్ట.
పాలెంలో మూడో ఇంటికే దొరికిపోయింది.
టీవీ పైన, ఐస్ ఫ్యాక్టరీ క్యాలెండరు పక్కన,
అద్దం వెనక
తెప్ప మీద నిలబడ్డ మనిషి,
మోకాళ్ళ దాకా నురగ, చేతిలో తెడ్డు,
చూపు సముద్రం లోపలికి.
అద్దం మీద గంధం బొట్టు, అప్పుడే పెట్టింది, ఆరలేదు.

"మా ముత్తాత సామీ" అంది బంగారమ్మ.
"ఇంగ తుపానుకి పోతాడనంగా దొర ఎక్కించిన బొమ్మంట.
కింద ఏందో రాసుంది గదా,
నా మనవడు సదివి 'పడవోడు' అంటాడు, అంతే అంటాడు.
అంతేనా సామీ?
గోచీ మడతలు గూడా లెక్కబెట్టి గీసినాయనకి
పేరేందబ్బయా అని అడగను నోరు రాలేదా?"

నేను భూతద్దం తెచ్చుకోలేదు.
అక్కర్లేదు కూడా, అక్షరాలు పెద్దవే.
మనవడు సరిగ్గానే చదివాడు.
మూలన కొంచెం చెద తినేసి ఉంది.
"పేరు ఈడుండిందమ్మా" అన్నాను, అక్కడ వేలుపెట్టి,
"చెదలు తినేశాయి."
"అట్టనా" అంది.
కాసేపుండి, "అట్టనే అయ్యుంటది" అంది.
చేపల పులుసు తినకుండా కదలనియ్యలేదు.

మైదా ఉడికించి, చీడ పట్టకుండా మైలుతుత్తం కలిపి,
రెండు రోజులు కుట్టాను.
కొత్త వీపు, పాత అట్టలు.
పందొమ్మిదో బొమ్మ చోట ఉల్లిపొర మాత్రం మిగిలింది.
ఇన్నేళ్ళూ దాని మీద పడుకుని పడుకుని
సిరా నీడ దిగింది పొరలోకి.
అద్దంలో లాగా అంతా తిరగబడి:
తెడ్డు ఎడం చేతిలోకి వచ్చింది,
తెప్ప మొన ఇటు తిరిగింది, ఒడ్డుకి.

వరదాచారి గారు దాన్ని లైటు కేసి ఎత్తి
చాలాసేపు చూశారు.
"దొరకలేదా?"
"లేదండీ."
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చారు.
పెన్సిలు రాతున్న ఆ అంగుళం కాగితం మీద
అప్పటికే
జిగురు కాస్త ఎక్కువే రాసి మూసేశాను.