రెండు చుక్కల నీళ్లు

మనామాల బార్ మూసినంక
గిలాసలు తుడుస్తున్న నన్ను పిలిచి
గోవా ఫెర్మిన్ అంటడు:
"గుటగుట మింగకు పోచన్నా,
ఇది బస్సెక్కే పని కాదు."

అడుగున గోరంత పోసిండు.
ముందు ముక్కు, అన్నడు. నోరు కొంచెం తెరువుమన్నడు.
కళ్లల్ల నీళ్లు.
ఏసీ సల్లగనే ఉంది, చెవులు ఉడికినయి.

సీసా మూతతోని
రెండు చుక్కల నీళ్లు ఏసిండు.
"ఆగు... ఆగు... ఇగ చూడు."

పొగ. వాన పడ్డ పొయ్యి పొగ.
దాని ఎనక టింక్చర్!
తాటిమట్టలు గీరిన నాయిన పిక్కల మీద
అమ్మ దూదితోని అద్దిన టింక్చర్.
మోకు విప్పి, లొట్టి దించి
ఊరందరికి రేకలల్ల పోసినోడు
తను గుక్కెడు ముట్టకపోయేది.
"నాకు వాసనే సాలు బిడ్డా."
ఇన్నేండ్లు అబద్ధమనుకున్న.

ఏమొచ్చింది, అడిగిండు ఫెర్మిన్.
తేనెనా? యాపిలా?
నాకొచ్చిన హిందీల ఆ మాట లేదు.
ప్యాంటు లేపి పిక్క చూపెట్టిన.
"కాలు నొప్పా?"
అవునన్న.

బయట క్యాంపు బస్సు హారన్ కొడుతున్నది.
గిలాసల ఇంకా గోరంత అట్లనే ఉంది.