ఎవరి చేతికీ రాని పిడి

ఆన్సెల్ ట్విచెల్ గొట్టం వైపు చూడడు.
శనివారాల్లో ఫైర్ స్టేషన్ హాల్లో
బల్లలు వేసి అమ్ముతారే, అక్కడ
మిగతా వాళ్లంతా నంబర్లు చదువుతుంటే,
గిలక తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే,
ఇతను మాత్రం పిడి పట్టుకుని కళ్లు మూసుకుంటాడు,
కొత్త చెప్పుల్లో కాలు పెట్టిన పిల్లాడిలా.

రెండంగుళాల గొట్టం రివాల్వర్లే కావాలి.
పొడుగుది దూరం గురించి కోతలు కోస్తుంది, అంటాడు.
పొట్టిదానికి చెప్పుకోడానికి
చెయ్యి తప్ప ఏముంది?

గ్లవర్స్‌విల్‌లో ముప్పయ్యొక్క ఏళ్లు
అతను అరచేతులు కోశాడు, నేను వేళ్లు కుట్టాను.
జింక తోలు తడిపి, బల్ల అంచు మీద లాగి లాగి,
సాగినంత సాగనిచ్చి,
అప్పుడు కత్తెర.
కయదుట్ట వాగు ఏ రంగులో పారితే
ఆ రోజు మా అందరి గోళ్లూ ఆ రంగు.
చెయ్యి తిరిగిన పనివాడని అతనికి పేరు.
ఎవరైనా చేయి కలిపితే చాలు,
"ఎనిమిదిన్నర" అనేవాడు, "బొటనవేలు పావు ఎక్కువ."

ఫ్యాక్టరీ మూతపడ్డాక పట్టుకుంది ఈ పిచ్చి.
నాగలి మేడి వంపులు ఎక్కడైనా దొరుకుతాయి, అవి వద్దు.
పిట్ట తల లాంటి పిడి కావాలి.
గొడుగు కొక్కెం లాంటిది.
కోడి కాలి ముల్లులా వెనక కొమ్ము మొలిచినది.
ఒకటైతే సబ్బు బిళ్ల. నిజంగా. వారం వాడిన సబ్బు బిళ్ల.
ఒక్కటీ పేల్చలేదు. తూటా రుచి మరిచిపోయాయవి.

వంటింటి బల్ల మీద పరిచి,
పిడి ఉన్నచోట పిడికిలి ఉండి తీరాలంటాడు.
ఇది ట్రామ్ కండక్టరుది, చిటికెన వేలు లేదు.
ఇది రాత్రి డ్యూటీ నర్సుది,
బొచ్చు చేతిసంచి లోపలే పట్టుకుని నడిచింది.
ఇది అప్పులున్న లావుపాటి మనిషిది.
నేను నమ్మినట్టు తలూపేదాన్ని.
కానీ భయానికి కూడా సైజులుంటాయని
నాకు తెలిసింది ఆ బల్ల దగ్గరే.

ఒక్కటి మొండికేసింది.
యుటికాలో గడియారాల రిపేరువాడి దగ్గర డెబ్భై డాలర్లకు కొన్నది.
పేరు లేదు, ఊరు లేదు.
పిడి కిందికి దిగాల్సింది పోయి పక్కకు ఒరిగింది,
ఒకే వైపు గాలికి పెరిగిన మొక్కలా.
నా చేతికిచ్చాడు. మంగలి కొడుకు చేతికిచ్చాడు.
చర్చిలో పియానో వాయించే ఆవిడకీ ఇచ్చాడు, ఆవిడ కెవ్వుమంది.
ఎవరి చేతికీ రాలేదు.
చేసినవాడు తాగి చేసుంటాడన్నాను.
పదకొండేళ్లు ఆ మాట మీద నాతో వాదించాడు.

ఈలోగా అతని వేళ్లు
(అన్నేళ్ల కత్తెర ఊరికే పోతుందా)
కణుపులు వాచి ఒక్కొక్కటే ఒరిగాయి.
చెయ్యి తిరిగిన మనిషికి
ఈసారి చెయ్యి నిజంగానే తిరిగింది.
పక్కింట్లోంచి వెళ్లి పొద్దున్నే
చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను.

మొన్న మార్చిలో, సూప్ పొయ్యి మీద ఉంది,
"ఫిలొమీనా" అన్నాడు. అరవలేదు.
దుమ్ము తుడుద్దామని తీశాడట.
కూర్చుంది చేతిలో.
చూపుడువేలు దానంతట అదే వెళ్లి ట్రిగ్గర్ ముందు ఆగింది,
కొట్టం దారి తెలిసిన గుర్రంలా.
ఎక్కడా సందు లేదు. కాగితం దూరదు.

అయితే చేసినవాడు తాగలేదు.
నూరేళ్ల కిందట ఎవడో ఒకడు
వంకరపోయిన చెయ్యొకటి తన రెండు చేతుల్లోకి తీసుకుని,
అటూ ఇటూ తిప్పి చూసి,
నొప్పి ఎక్కడని అడిగి ఉంటాడు.

కింద పెట్టడానికి అతని వేళ్లు
నేను ఒక్కొక్కటే విప్పాల్సొచ్చింది.

తర్వాత సొరుగులోంచి తోలు ముక్క తీయమన్నాడు.
బల్ల మీద చెయ్యి పరిచాడు, పరిచినంత.
చుట్టూ పెన్సిల్‌తో గీశాను.
సైజు ఎంతని రాయను, అన్నాను.
చాలాసేపు చూశాడు. సూప్ మాడుతున్న వాసన.
"బొటనవేలు పావు ఎక్కువ" అన్నాడు,
"మిగతాది నువ్వు చూసుకో."