కొక్కెం వంపు

మా ఆఫీసు గోడ మీది పటంలో
నా పేరున పదిహేడు వంతెనలు.
అన్నింటి కిందా నరీన్ నదే,
లేదంటే దాని పిల్ల ఏరు.
ఏటా కటకటాలకు రంగు వేయిస్తాం.
భూమి కదిలితే వీటిలో ఏది నిలుస్తుందక్కా అని
కొత్తగా చేరిన డ్రైవరు ఎర్మెక్ అడిగాడు.
చేతిలో టీ చల్లారిపోయింది.
నేను జవాబు చెప్పలేదు.

కోడ్ పుస్తకం ఉంది నా దగ్గర.
అందులో భూకంపం ఒక అంకె.
దాన్ని బరువుతో గుణించి, స్తంభాన్ని పక్కకు తోసి,
కింద గీత గీసి సంతకం పెట్టడం
ఇరవై రెండో ఏటే నేర్చుకున్నాను.
ఇప్పుడు నలభై ఒకటి.
విరగడం ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు.

ఉత్తరాలు రాశాను.
ఒకచోట ఫీజు నా పదకొండు నెలల జీతం.
ఒకచోట మూడు రోజులు తెర మీద బొమ్మలు,
నాలుగో రోజు విందు, బంగారు అంచు కాగితం.
ఇంకోచోట వాళ్ల ఊగే బల్ల మరమ్మతులో ఉంది.
ఈత నేర్పండి మహాప్రభో అంటే
నది ఫోటో పంపారు అందరూ.

చివరికి కబురు వచ్చింది ఒక కూల్చివేత నుంచి.
ఉజ్గెన్ అవతల పాత వంతెన తీసేస్తున్నారట.
రిటైరైన సగిన్‌బెక్ మేష్టారు
గుత్తేదారు కాళ్లావేళ్లా పడి
రెండు స్తంభాలు, రెండు రోజులు అడిగి తీసుకున్నాడట.
"దుప్పటి తెచ్చుకో బురుల్, సుద్దముక్కలు తెచ్చుకో."
ఆహ్వానపత్రిక మొత్తం అంతే.

పదకొండుమందిమి పోగయ్యాం.
అందిజాన్ నుంచి వచ్చినవాడి సంచిలో
పనిముట్ల కన్నా ఎండు ఆప్రికాట్లే ఎక్కువ.
మొదటి స్తంభం తలకి జాక్ ఆనించాం.
ఒక మిల్లీమీటరు. ఆగు.
పగులు వెంట సుద్ద గీయి, పక్కన అంకె వెయ్యి.
ఇంకో మిల్లీమీటరు. ఆగు.
మధ్యాహ్నానికి స్తంభం నిండా మా చేతిరాతే.
తర్వాత ఒక్కసారిగా పెచ్చులూడాయి.
లోపలి రింగులు మా కళ్లముందే విప్పుకున్నాయి,
ఎంతో మర్యాదగా,
కరచాలనం ముగించి చెయ్యి వదిలినట్టు.
కొక్కేల వంపు తొంభై డిగ్రీలు.
డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టే కట్టారు పాపం.

ఆ రాత్రి లాంతరు వెలుగులో
కడ్డీలు కట్టే తోక్తోసున్ తాత
నా చేతికి గొట్టం ఇచ్చాడు. వంచు.
ఇంకా వంచు. నూట ముప్పై అయిదు.
అరచెయ్యి బొబ్బలెక్కింది.
"చలేస్తే చెయ్యి కోటు లోపలికి దూర్చుకుంటావే, అలాగ.
పైన కోటు ఊడిపోయినా
వేళ్లు గుండెను పట్టుకునే ఉండాలి."
ఏ పుస్తకంలోనూ ఈ కోటు లేదు.

రెండో స్తంభం పాదానికి
నెల ముందే మేష్టారు ఇనుప చొక్కా తొడిగించి
సందులో గ్రౌటు నింపించాడు.
అది మూలిగింది, వంగింది,
మొదటిదానికి మూడింతలు వంగి కూడా
తల మీద బరువు దించలేదు.
"విరగకూడదని మొండికెయ్యకు.
ఎక్కడ విరగాలో నువ్వే చెప్పు.
నువ్వు చెప్పకపోతే అదే ఎంచుకుంటుంది,
దాని ఎంపిక మనకు నచ్చదు" అన్నాడు మేష్టారు,
చొక్కా చేతులకు సుద్ద దులుపుకుంటూ.
అవతల గుత్తేదారు మనిషి హారన్ కొడుతూనే ఉన్నాడు.
నాలుగింటికి యంత్రం వచ్చి
పావుగంటలో రెండింటినీ ఒకే కుప్ప చేసింది,
మా సుద్దగీతలతో సహా.

కాగితమేమీ ఇవ్వలేదు.
విప్పుకున్న రింగు ఒకటి
తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నాను.
తిరుగుదారిలో నా తొమ్మిదో వంతెన మీద
గొర్రెలమంద అడ్డొచ్చి మినీబస్సు ఆగింది.
దిగి, ఒడ్డు పట్టుకుని కిందికి పాకి,
దూలం చివర ఎంత మేర ఆనిందో
జానతో కొలిచాను.
జాన కూడా లేదు.
తలపైన వందల గిట్టలు, సన్నగా రాలుతున్న దుమ్ము.

మర్నాడు ఎర్మెక్ టీ తెచ్చాడు.
ఆవిరి పోకముందే చెప్పాను:
"తొమ్మిదోది నిలవదు.
జీపు తియ్యి. టేపు మర్చిపోకు.
ఇంకా పదహారు చూడాలి."